మూడు గడుల అవతల

గుండ్లమిట్ట,
జూలై 6.

వందనమ్మకు పెద్దనాయన రాసేది.

హాస్టల్లో ఫోన్లు తీసేసుకుంటారని, ఆదివారం ఇచ్చే పది నిమిషాలు మీ అమ్మ ఏడవడానికే సరిపోతున్నాయని మీ నాయన చెప్పినాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. చర్చి సంఘం మినిట్స్ తప్ప ఈ మధ్య ఏమీ రాసిన పాపాన పోలేదు. తప్పులుంటే దిద్దుకో.

విషయం ఏమంటే, నువ్వు బీరువా మీద పెట్టి పోయిన ల్యాప్‌టాప్ దించినాను. ఏ ఆట కోసం నీ మీద అన్నిసార్లు అరిచినానో ఆ ఆటే తెరిచినాను. నవ్వుకుంటే నవ్వుకో. నగరాలు కట్టే ఆట. నేను ఎత్తు వేసేదాకా అవతలి రాజు కదలకుండా కూర్చుంటాడు, అది నాకు నచ్చింది. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసినాను, మిషన్ నన్ను తరిమిందే గాని నా కోసం ఒక్క నిమిషం ఆగలేదు.

మొదట్లోనే చిక్కుపడినాను. ముందు ఒక గుంపును ఇస్తారు గదా, సామాను మోసుకొని పోయే కుటుంబాలు, సెటిలర్ అని రాసి ఉంటుంది. వాళ్లను ఎక్కడ దింపాలో తెలియక నలభై ఎత్తులు నడిపించినాను. ఒకచోట నీళ్లున్నాయి, నేల బాగాలేదు. ఒకచోట నేల బాగుంది, వాగు లేదు. చూస్తా చూస్తా ఉండగానే అవతలి రాజుకు మూడు నగరాలు లేచినాయి. ఆ ఆడోళ్లు, పిల్లలు అన్నాళ్లు ఏం తిన్నారో నాకు తెలియదు. ఎన్ని ఎత్తుల లోపల దింపాలి? నీళ్లు ముఖ్యమా, నేల ముఖ్యమా? దింపినాక బాగాలేదని మళ్లీ ఎత్తి ఇంకోచోట పెట్టుకోవచ్చునా? ముందు ఏం కట్టాలి? ఊరి పేరు పక్కన ఎర్రమొహం వస్తే అర్థమేంది?

ఇక్కడ వానలు లేవు. వచ్చినా విత్తేవాళ్లు లేరు. మన ఊరు మునిగే రిజర్వాయరులోకి నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఊరు ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియక ఎవరికీ చెయ్యాడటం లేదు. కప్పు కారుతున్నా ఎక్కి సర్దుకునే మనిషి లేడు. అందరూ రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు, కాసేపు చూసి లోపలికి పోతారు. నాకు పొద్దుపోక ఈ ఆట పట్టుకున్నాను, అంతే. ఎలీషబా పెద్దమ్మ మాత్రం "ముసలోనికి ఆటలేంది, అచ్చోసిన ఆంబోతు మాదిరి" అని సణుగుతా ఉంది.

నీ పెద్దనాయన,
ప్రభాకరరావు


కర్నూలు,
జూలై 14.

ప్రియమైన పెద్దనాయనకు,

నీ ఉత్తరం నాకంటే ముందు వార్డెన్ మేడం చదివింది. "మీ పెద్దనాయన రాజకీయాల్లో ఉన్నాడా, రాజు, నగరం అని రాసినాడు" అని అడిగింది. ఆట అని చెప్తే నమ్మలేదు. నేనూ నమ్మేదాన్ని కాదు. నేను ఆ ఆట ఆడుతున్నానని సంఘంలో నా పేరు చెప్పి ప్రార్థన పెట్టించిన మనిషివి నువ్వు. సంగతేంటి అసలు?

నీ అనుమానాలకు జవాబులు. మొదటి ఎత్తులోనే దింపెయ్యి, మహా అయితే రెండో ఎత్తు. మంచి నేల కోసం తిరిగేవాడు ఎప్పుడూ వెనకబడతాడు. నీళ్లు ముందు చూసుకో, నేలను తరవాత పనివాళ్లతో బాగుచేయించుకోవచ్చు. దింపాక మళ్లీ ఎత్తడం కుదరదు, ఆ కుటుంబాలే ఊరైపోతాయి. ఊరి చుట్టూ గడులుంటాయి చూడు. ఊళ్లో ఒక మనిషి పెరిగితే ఇంకో గడిలోకి పనికి పోతాడు. పచ్చగడిలో తిండి వస్తుంది, కొండగడిలో రాయి, కలప వస్తాయి. తిండి మిగిలితేనే జనం పెరుగుతారు, కాబట్టి ముందు గాదె కట్టు. కొత్తవాళ్లంతా భయపడి సైనికులను తయారుచేసి పెట్టుకుంటారు, వాళ్లు కూర్చుని తింటారు. ఎర్రమొహం వస్తే జనానికి కోపం వచ్చిందని. ఇరుకైనా వస్తుంది, తిండి తగ్గినా వస్తుంది, గుడి లాంటిది లేకపోయినా వస్తుంది.

ఇక్కడ నేను రోజుకు పదమూడు గంటలు బల్ల ముందు కూర్చుంటున్నాను. కాళ్లు ఊరుకోవడం లేదు, బల్ల కింద ఆడుతూనే ఉంటాయి. ముందు బెంచీ అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి కసిరింది. పోయినసారి మెడికల్ సీటు ముప్పై మార్కుల్లో పోయింది కదా, ఈసారి ఎన్నిట్లో పోతుందో అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే చదివింది మెదడుకు ఎక్కదు. నా రూమ్మేట్ వాణి, గిద్దలూరు దగ్గర రైతుల పిల్ల, నీ ఉత్తరం విని పడీ పడీ నవ్వింది. నీకు జవాబు రాయడం మాకిద్దరికీ పండగలాగా ఉంది. ఇంకా అడుగు.

వందన


గుండ్లమిట్ట,
జూలై 27.

వందనమ్మకు,

నువ్వు చెప్పినట్లే మొదటి ఎత్తులో వాగు పక్కన దింపినాను. గాదె కట్టినాను. ఊరికి గుండ్లమిట్ట అని పేరు పెట్టినాను. ఇంగ్లీషు ముక్కలు నీ పాత డిక్షనరీలో చూసుకుంటా, గడులన్నీ పలక మీద గీసుకొని ఆడుతున్నాను. నా చేత్తో కోసిన పలకే. ఊరు బాగా పెరిగింది, ఆరుమంది అయినారు. నాకు ఒళ్లు గాల్లో తేలినట్లు ఉండింది.

అప్పుడు ఇంకో గుంపును తయారుచేసి, మనోళ్లుండే మాదిరి ఊరి బయట పాలెం కట్టినాను. ఊరికి ఆనుకొని కడదామంటే ఆట ఒప్పుకోలేదు, మూడు గడుల అవతలైతేనే ఒప్పుకుంది. సరేలే అని మూడు గడుల అవతల, వాగు దాటినాక కట్టినాను. పేరు కూడా పాలెం అనే పెట్టినాను. అంతే, అక్కడినుంచి అన్నీ చెడినాయి. ఊరు పెరగదు, పాలెం అసలే పెరగదు. పాలెం వాళ్లు ఊరి గడుల్లోకి పనికి పోరు, ఎంత నొక్కినా పోరు. ఊళ్లో గాదె నిండా ఉంది, పాలెంలో తిండి లేదని ఎర్రమొహం. గుడి ఊళ్లో కట్టినాను గదా, అది వీళ్లకు పనికిరాదు, మళ్లీ ఇక్కడొకటి కట్టమంటుంది. రెండు చోట్లా ఎర్రమొహాలే. ఎక్కడ తప్పు చేసినాను? పాలెం ఏ పక్కన కట్టి ఉండవలసింది?

త్వరగా రాయి. పోస్టుకు నాలుగు రోజులు పడుతుంది. నాకు సెప్టెంబరు లోపల తెలియాలి.

పెద్దనాయన


కర్నూలు,
ఆగస్టు 5.

పెద్దనాయనకు,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. వాణి ఏంది ఏంది అంటే చెప్పాను, ఆటలో మా పెద్దనాయన ఊరు కట్టి పక్కనే పాలెం కూడా కట్టినాడని. తను నవ్వలేదు. "ఊరికి పాలెం ఉండదా మరి" అనింది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. మామూలుగా అనింది. ఉదయం అయితే సూర్యుడు రాడా అన్నట్టు అనింది. ఆ తరవాత నాకు నవ్వు రాలేదు. సాయంత్రమంతా వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాను.

నీ తప్పు ఇది. పాలెం ఏ పక్కన కట్టినా తప్పే. ఆ ఆటలో పాలెం లేదు పెద్దనాయనా. దున్నేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు, గుళ్లో వాళ్లు, చదువుకునేవాళ్లు అందరూ ఒకే ఊళ్లో ఉంటారు. ఊరి నుంచే పొలానికి పోతారు, ఊరికే తిరిగి వస్తారు. నువ్వు రెండో ఊరు దగ్గరగా కట్టేసరికి రెండింటి గడులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక గడిని ఒక ఊరే వాడుకోగలదు. ముందు పుట్టిన ఊరు మంచి గడులన్నీ పట్టుకుంది. వెనక వచ్చినవాళ్లకు మిగిలింది రాళ్లు. అందుకే అక్కడ ఆకలి. గాదె, గుడి, బావి ఏవైనా ఏ ఊరివి ఆ ఊరికే. అన్నీ రెండుసార్లు కట్టాలి, రెండోసారి కట్టడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

ఇప్పుడు నువ్వు నాకు జవాబు చెప్పు. ఆటకు సెప్టెంబరు గడువేంటి? నిన్ను ఎవరు తొందరపెడుతున్నారు? పొద్దుపోక అన్నావు, నిజం చెప్పు.

వందన


గుండ్లమిట్ట,
ఆగస్టు 14.

వందనమ్మకు,

నిజమే చెప్తాను. మీ నాయనకు తెలుసు, నీకు చెప్పొద్దని నేనే అన్నాను.

నువ్వు పరీక్ష రాసి వచ్చి పడుకున్నావే, ఆ మే నెలలోనే ఊరికి బదులుగా ఇచ్చే కొత్త కాలనీ మ్యాపు ఆఫీసర్లు తెచ్చినారు. బడి వరండాలో పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టినారు. బేస్తవారిపేట రోడ్డు మీద, రెండు వందల పది ప్లాట్లు, వరసలు వరసలుగా. ఎవరికి ఏ ప్లాటో చీటీ తీస్తామన్నారు. ఊరోళ్లకు ఒక డబ్బా, పాలెమోళ్లకు ఒక డబ్బా అని లేదు, ఒకటే డబ్బా. నేను ఆ మ్యాపు మీద వంగి పాలెం ఏదీ అని వెతికినాను. దక్షిణం పక్క చూసినాను. వాగు పక్క చూసినాను. ఎక్కడా లేదు. సంతోషపడవలసిన చోట నాకు భయమేసింది, బిడ్డా. ఆ మాట నీకు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇంటికొచ్చి అర్జీ రాసినాను. మా అరవై నాలుగు ఇండ్లకు వాగు అవతల ఉన్న జాగాలో వేరుగా, ఒకేచోట ప్లాట్లు ఇప్పించవలెను అని. మొదటి సంతకం నాదే. నన్ను చూసి అందరూ పెట్టినారు. ఆఫీసరు రెండుసార్లు అడిగినాడు, "పెద్దాయనా, ఎవరన్నా బెదిరించినారా" అని. లేదు సార్ అన్నాను. నిజంగానే ఎవరూ బెదిరించలేదు. మన ప్రార్థన గుడి మన మధ్యన ఉంటుంది, తెల్లారి మైకులో పాట పెట్టుకుంటే అడిగేవాడు ఉండడు, ఆదివారం పెద్దకూర వండుకుంటే వాకిలి మూసుకునే పనుండదు అనుకున్నాను. ఎదురింటి వాడు మొహం తిప్పుకొని పోతుంటే చూస్తా రోజూ ఎట్ల బతకాలని అనుకున్నాను.

జూన్ చివర్లో రెండో మ్యాపు వచ్చింది. నీళ్ల ట్యాంకు, బడి, బస్సు ఆగే చోటు అన్నీ ఊరోళ్ల పక్క. మనవి వాగు అవతల. వంతెన లేదు. నీళ్ల పైపు రెండో విడతలో వేస్తారంట, రెండో విడత ఎప్పుడో వాళ్లకే తెలియదు. ఆ మ్యాపు చూసి వచ్చినాకనే నీ ల్యాప్‌టాప్ దించినాను. ఊరు ఎట్ల పెట్టాలో ఆ ఆటలో నేర్పిస్తారని నువ్వు మీ నాయనతో ఒకసారి వాదించినావు. పాలెం ఎక్కడ పెడితే బాగుపడుతుందో అందులో తెలుస్తుందేమో అనుకున్నాను. అసలు లేదని నువ్వు రాసినావు.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన చివరి సభ. ఆ రోజు దాటితే మ్యాపు మారదు.

పెద్దనాయన


కర్నూలు,
ఆగస్టు 23.

సంఘపెద్ద ప్రభాకరరావు గారికి,

మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది, ఎట్లా వస్తే అట్లా పంపిస్తున్నాను.

బోరింగు దగ్గర ఊరివాళ్లు పట్టుకున్నాకే మనం పట్టుకోవాలని నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మ ఖాళీ బిందెతో పక్కకు జరిగి నిలబడితే చూసి నేర్చుకున్నాను. అప్పుడు నాకు ఐదేళ్లు. ఊళ్లో పెళ్లి భోజనాలకు మనం ఎప్పుడు పోవాలో, ఎక్కడ కూర్చోవాలో కూడా చూసే నేర్చుకున్నాను. ఆ గీత ఎవరు గీశారో తెలియదు, పాతది, మనం పుట్టకముందుది అని సర్దుకున్నాను. ఇప్పుడు ప్రభుత్వమే గీత లేని మ్యాపు తెచ్చి నీ ముందు పరిస్తే, ఎవరూ అడగకుండా, ఎవరూ బెదిరించకుండా నువ్వే పెన్ను తీసి గీసి ఇచ్చావు. రేపు నాకు పిల్లలు పుడితే ఇది ఎవరు గీశారమ్మా అంటే మా పెద్దనాయన అని చెప్పాలి.

భయమేసిందన్నావు. నాకు భయం లేదనుకున్నావా. నేను ఎందుకు చదువుతున్నాననుకున్నావు, ఇక్కడ ఈ బల్ల ముందు? ఆ పాలెంలోకి తిరిగి రాకుండా ఉండటానికి. నువ్వు నాకు ఇంకో పాలెం కొత్తగా కట్టిస్తున్నావు, వంతెన కూడా లేకుండా.

అర్జీ వెనక్కి తీసుకో. నీ సంతకం చూసి వాళ్లు పెట్టారు, నువ్వు తీస్తే వాళ్లూ తీస్తారు. తీసుకోకపోతే నాకు ఉత్తరాలు రాయొద్దు.

వందన


గుండ్లమిట్ట,
సెప్టెంబరు 10.

వందనకు,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. నువ్వు రాసిన దాంట్లో కాదనడానికి నాకేమీ దొరకలేదు.

గుడిలో అందరినీ కూర్చోబెట్టి అర్జీ వెనక్కి తీసుకుందామన్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. మా ఇంట్లోనే ఎలీషబా ముందు లేచింది. "రాయించినోడివి నువ్వే, తీయమనేదీ నువ్వేనా, మేమేమన్నా నీ ఆటలో బొమ్మలమా" అని అందరి ముందే అడిగింది. సంఘంలోని నతానియేలు "అన్నా, చీటీలో నాకు ఎవరి పక్కన వచ్చేదీ నీకు తెలుసా, నా బిడ్డల్ని నువ్వు కాస్తావా" అన్నాడు. మీ నాయన కాళ్లకేసి చూస్తా కూర్చున్నాడు.

తరవాత ఓబులేసన్న దగ్గరికి పోయినాను. ఊరి పెద్దరికం ఆయనది గదా, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటున్నారో కనుక్కుందామని. ఫ్యాక్టరీకి పోకముందు నేను ఐదేళ్లు వాళ్లింట్లో పాలేరుగా జీతం ఉన్నాను. కల్లంలో గేదెలకు మేత వేస్తున్నాడు. నన్ను చూసి మంచం వాల్చి "కూర్చో ప్రభాకరా" అన్నాడు. కూర్చోమనడం ఇదే మొదలు.

"మంచి పని చేసినావురా. చీటీ అనేసరికి మావోళ్లకు నిద్ర లేదనుకో. ఎవరి పక్కన ఎవరొస్తారో అని ఒకటే రంధి. వేరుగా ఇమ్మని మేమడిగితే బాగుండదు, కేసులవుతాయి. నువ్వడిగినావు. మా నోటికి పని లేకుండా చేసినావు" అన్నాడు. మీ గుడికి ఇసుక నేను తోలిస్తానని కూడా అన్నాడు. మంచి మాటగానే అన్నాడు, ఎగతాళి లేదు. అందుకే అది నా గుండెలో దిగబడింది. ఆయన మంచం మీద కూర్చున్నాను గాని ఎట్ల లేచి వచ్చినానో తెలియదు. ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందు పెట్టుకొని కలుపుతానే ఉన్నాను, నోట్లోకి పోలేదు. రెండు రోజులుగా ఇంట్లో నిలవలేకపోతున్నాను. రోడ్డు మీదికి పోతాను, వస్తాను.

ఒకటి అడుగుతాను, చెప్పు. ఆటలో రెండు నగరాలు కట్టినాక వాటిని ఒకటిగా కలపడానికి దారి ఉందా?

పెద్దనాయన


కర్నూలు,
సెప్టెంబరు 17.

పెద్దనాయనకు,

నొక్కితే కలిసిపోయే బటన్ లేదు. ఒకే ఒక దారి ఉంది. రెండో ఊళ్లోవాళ్లను ఒక్కొక్కళ్లనే మళ్లీ సెటిలర్లుగా బయలుదేరదీసి, నడిపించుకుంటూ తీసుకుపోయి మొదటి ఊళ్లో చేర్చాలి. చివరి మనిషి కూడా వచ్చేస్తే అది ఖాళీ అవుతుంది. చాలా ఎత్తులు పడుతుంది. చాలామంది మధ్యలో విసుగుపుట్టి వదిలేస్తారు.

నిన్ను అంత మాట అన్నాక నాకు వారం రోజులు అన్నం సయించలేదు. ఎందుకంటే నేనూ నీలాంటిదాన్నే. ఇక్కడ అందరికీ నాది మార్కాపురం టౌను అని చెప్పాను. మా నాయన పలకల వ్యాపారం అని చెప్పాను. నీ ఉత్తరాలు వాణికి చదివి వినిపించేటప్పుడు గుడి, సంఘం అనే మాటలు దాటేసి చదివేదాన్ని. నిన్ను పెన్ను పట్టి గీశావని తిట్టాను, నేను మూడు నెలలుగా నోటితో గీస్తున్నాను.

మొన్న వాణికి చెప్పేశాను. మాది ఆ పాలెమే అని, నాయన కూలి అని. "ఓ, అట్లనా" అనింది, మళ్లీ చదువుకుంది. మరుసటి రోజు తన నీళ్ల బాటిలు నా బల్ల మీదనుంచి కిటికీ దగ్గరికి మార్చుకుంది. అక్కడైతే చల్లగా ఉంటాయని అనింది. ఉంటాయేమో, నాకు తెలియదు. రోజుకు పదిసార్లు ఆ బాటిలు వైపు చూస్తున్నాను. అడగలేకపోతున్నాను.

ఒక్కొక్కళ్లనే నడిపించడం కుదురుతుందేమో చూడు. ఎవరూ రాకపోతే నువ్వొక్కడివైనా రా.

వందన


గుండ్లమిట్ట,
అక్టోబరు 3.

వందనమ్మకు,

సభ అయింది. జరిగింది జరిగినట్లు రాస్తాను.

అర్జీ మొత్తం తీసేయాలంటే అరవై నాలుగు ఇండ్లూ ఒప్పుకోవాలి అన్నాడు ఆఫీసరు. లేదంటే ఎవరి పేరు వాళ్లు తీసుకోవచ్చు, తీసుకున్నవాళ్లు చీటీలోకి వస్తారు, మిగిలినవాళ్లు వాగు అవతలే అన్నాడు. నేను లేచి పోయి నా పేరు కొట్టేయించినాను. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేవలేదు. అందరూ చాపల మీద కూర్చొని నన్నే చూస్తున్నారు. ఊరివాళ్లూ చూస్తున్నారు, ఓబులేసన్న కండువా సర్దుకున్నాడు. అంతసేపు నేను జీవితంలో ఎప్పుడూ నిలబడలేదు. ముందు విధవరాలు రాహేలు లేచింది. "నాకు నీళ్లు మోసేవాళ్లు లేరు, ట్యాంకు పక్కన ఎవరున్నా నాకేం" అనింది. ఆ తరవాత ఒకరొకరుగా, చివరికి పదకొండు ఇండ్లు. యాభై మూడు అట్లే ఉండిపోయినాయి.

ఎలీషబా నా పక్కన వేలిముద్ర వేసింది గాని ఇంటికొచ్చి మాట్లాడలేదు. ఈ రోజుకు ఐదు రోజులు. సంఘం పెద్దరికం నతానియేలుకు ఇచ్చినారు, మినిట్స్ పుస్తకం అప్పగించినాను. గుడి వాగు అవతలే కడతారు. ఆదివారం ఆదివారం నడిచిపోతాను, రావద్దనరు గదా.

మీ నాయన తన పేరు తీయలేదు. వాని మీద కోపం పెట్టుకోవద్దు. నేను భయపెట్టినాను వాణ్ని, మొదట్లో. ఆ భయం నాలోనుంచి పోయినంత మాత్రాన వానిలోనుంచి ఎందుకు పోతుంది.

ఇంకొకటి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు పెళ్లి కాకపోయినా వేరే కుటుంబం కింద లెక్క, వేరే ప్లాటు. జాబితాలో నీ పేరు చదివినారు. మీ నాయన నీ బదులు వాగు అవతలికే సంతకం పెట్టబోయినాడు. అది బిడ్డ పెట్టవలసిన సంతకం సార్ అని నేను అడ్డం పడినాను. ఆఫీసరు సరే అని ఇరవయ్యో తేదీ దాకా గడువిచ్చినాడు. ఫారం దీనితో పంపిస్తున్నాను. వాగు అవతల అయితే మీ అమ్మ పక్కన వస్తుంది. చీటీ అయితే ఎవరి పక్కన వస్తుందో దేవునికే తెలుసు. నీ మొదటి మాట ప్రకారం పెట్టాలని ఏమీ లేదు. నా కోసం పెట్టొద్దు. మీ అమ్మ ఏడుస్తా ఉంది, అది కూడా నీకు తెలియాలి.

పెద్దనాయన


కర్నూలు,
అక్టోబరు 11.

పెద్దనాయనకు,

ఫారం అందింది. రెండు రోజులు పుస్తకంలో పెట్టుకుని తిరిగాను.

నిన్ను అంత సులువుగా తిట్టాను, తీరా నా చేతికి పెన్ను వస్తే ఆ రెండు చదరాల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. అమ్మ పక్కన ఉంటే ఎంత హాయి అని ఎన్నిసార్లు అనుకున్నానో. నా ఇంటికి ఎదురుగా ఎవరో ఆమె పొద్దున్నే ముగ్గు వేసుకుంటూ, నేను తలుపు తీయగానే లోపలికి పోయినట్టు కళ్లకు కట్టింది. ఒకసారి కాదు, చదువుతుంటే మధ్య మధ్యలో అదే. మే నెలలో ఆ మ్యాపు మీద వంగి నువ్వు ఏం వెతికావో నాకు ఇప్పుడు తెలిసింది. నిన్ను అన్న మాటలకు క్షమించు.

చీటీ అన్నదానికే టిక్కు పెట్టాను. సంతకం పెట్టాను. రిజిస్టర్ పోస్టులో ఆఫీసుకే పంపించాను. నాయనకు వేరే ఉత్తరం రాశాను, కోపంగా కాదు. అమ్మకు ఆదివారం నేనే చెప్తాను, నువ్వు ముందు చెప్పొద్దు.

చీటీ తీసే రోజు నేను ఉండను, ఆ రోజు ఇక్కడ పరీక్ష ఉంది. నా చీటీ నువ్వే తీయాలి. తీసేముందు నువ్వు ప్రార్థన చేస్తావని నాకు తెలుసు. నా ప్లాటు నీ పక్కన రావాలని మాత్రం అడగొద్దు, నిన్ను వదిలేస్తే నువ్వు అదే అడుగుతావు. ఎవరి పక్కన వస్తే వాళ్ల పక్కన ఉండే ధైర్యం నాకు ఇమ్మని అడుగు. వాళ్లకు కూడా ఇమ్మని అడుగు.

నీ కూతురు,
వందన